బండికిచ్చిన పాదాలు

ఆ జ్వరం కుముదిని కాళ్లలో కదలికను వదిలేసి, స్పర్శను మాత్రం పట్టుకుపోయింది. మంచం దిగిన రోజున ఆమె నిలబడింది, అడుగూ వేసింది. కానీ వేసిన అడుగు తనదేనని కళ్లతో చూస్తేగాని తెలియలేదు. పాదం నేలకు ఆనిందా, గాల్లోనే ఉందా, చెప్పు ఊడిపోయిందా, అన్నీ చూసి తెలుసుకోవలసినవే. కరెంటు పోతే ఉన్నచోటే ఆగిపోవాలి. అందుకని భీమిలి వీధుల్లో ఆమె ఎప్పుడూ తల వంచుకునే నడిచేది. తెలియనివాళ్లు బిడియమనుకునేవారు.

కట్టుడు పళ్లు తయారుచేసి డాక్టర్లకు ఇవ్వడం ఆమె పని. చేతులకేమీ కాలేదు కాబట్టి పని ఆగలేదు. మిగతా బతుకే ఆగినట్టయింది. బజారుకు వెళ్లడం తగ్గింది, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని సముద్రపు గాలికి ఊగే కొబ్బరాకులను చూస్తూ గడిపేది.

పెట్రోలు బళ్లు రోడ్డెక్కకూడదని చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. పక్కింటివాళ్లు తమ పాత ఎర్ర కారును తుక్కుకి తోలేస్తుంటే కుముదిని అడిగి తెచ్చుకుని పెరటి షెడ్డులో పెట్టించింది.

ఆమె భర్త సన్యాసిరావు పోర్టులో క్రేను నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చి, షెడ్డులో కారును చూసి నిలబడిపోయాడు.

"దీన్నేటి చేసుకుంటావు కుముదా?"

"విప్పుతాను."

"విప్పీసి?"

"మళ్లీ బిగిస్తాను."

ఆయన నవ్వాడు. ఆమె మాత్రం అన్నంత పనీ చేసింది. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జారిపోతే కాళ్లు ఎక్కడున్నాయో చూసుకోవలసిన పని లేదు. అక్కడ చేతులుంటే చాలు. నేర్పేవాళ్లెవరూ లేరు. వీడియోలు చూసింది, పాత పుస్తకాలు చదివింది, పానాలు ఒక్కొక్కటే కొనుక్కుంది. టైమింగ్ బెల్టు ఒక్క పన్ను పక్కకి పడేలా వేసి, ఇంజిన్ దగ్గుతుంటే ఎందుకో తెలియక వారమంతా తల పట్టుకుంది. బోల్టు విరగ్గొట్టి ఏడ్చింది. చెడగొట్టిన ప్రతిదాన్నీ బాగుచేస్తూ నేర్చుకుంది. పింగాణీ పన్ను పక్క పంటికి తగిలీ తగలనట్టు కూర్చోబెట్టే వేళ్లకు వాల్వుల సందు సర్దడం తొందరగానే అలవడింది.

బండి కదిలాక ఆశ పెరిగింది. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఒకటి తుక్కు దుకాణంలో దొరికితే శుభ్రం చేసి తగిలించింది. ఎంత గాలికి ఎంత పెట్రోలు పడాలి, నిప్పురవ్వ ఏ క్షణాన రాలాలి అన్నది ఇంజిన్‌లోని చిన్న కంప్యూటర్ చెబుతుంది. దాన్ని లాప్‌టాప్‌కి కలిపి ఒక్కో గడిలో అంకె మారుస్తూ కూర్చునేది. కాళ్లతో పని లేకుండా యాక్సిలరేటర్‌కీ బ్రేకుకీ చేతి మీటలు తనే చేసుకుంది. ఎప్పటిదో వదిలేసిన రన్‌వే ఒకటి ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున ఉంది. పెట్రోలు బళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఆదివారాలు అక్కడ పోగయ్యేవారు. మిఠాయి కొట్టు రంగరాజుగారు వాళ్లలో పెద్దాయన. ఆయన ఏ బండి బానెట్ మీద చెయ్యి వేసినా నేతి వాసన వచ్చేది.

"బాగా చేశారమ్మా. కానీ వేగం పైకెళ్లాక తడబడతాంది, విన్నారా?" అన్నాడాయన మొదటిరోజే.

విన్నది. నెలలపాటు వెతికింది. ఆ తడబాటు మాత్రం దొరకలేదు.

వానలు మొదలవుతుండగా సన్యాసిరావు అక్క ఇందుమతి ఫోను చేసింది. కొండ మీద ఒక పరిశోధనాలయంలో ఆమె నరాల డాక్టరు. ఏళ్ల తరబడి చేస్తున్న పని ఒక కొలిక్కి వచ్చిందనీ, మొదటి మనిషిగా కుముదినినే తీసుకోవాలనుకుంటున్నాననీ చెప్పింది.

పరిశోధనాలయం కిటికీలోంచి చూస్తే సముద్రం మీద వాన నడిచి వస్తున్నట్టు కనబడేది. ఇందుమతి కుముదిని నడుముకి ఒక మెత్తని పట్టీ చుట్టింది. కాళ్లకు పలచని మేజోళ్లు తొడిగింది. ఆ మేజోళ్లు పాదానికి తగిలినదాన్నల్లా పసిగట్టి పట్టీకి చెబుతాయి. పట్టీ ఆ కబురును వెన్నులో చెడిపోయిన చోటును దాటించి మెదడుకి అందిస్తుంది.

"కళ్లు మూసుకో." ఇందుమతి ఆమె అరికాలు నొక్కింది. "ఏమైనా తెలుస్తోందా?"

"చినుకుల్లా ఉంది వదినా. ఎక్కడో దూరంగా, పక్కింటి రేకుల మీద పడుతున్నట్టు."

ఇందుమతి ఊపిరి వదిలింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ చినుకులే నీ పాదమని మెదడు నేర్చుకోవాలి. పసిపిల్లలు నేర్చుకున్నట్టే. పట్టీకి ఏమీ తెలీదు కుముదా, ఇచ్చిన కబురు మోసుకెళ్తుంది, అంతే. ఈ వానాకాలం గడిచేదాకా నీ మెదడు తడి మట్టిలా ఉంటుంది. రోజూ నడువు, రోజూ నేల తొక్కు. తర్వాత గట్టిపడిపోతుంది. అప్పుడు ఏ ముద్ర పడి ఉంటే అదే."

నీ వెనక ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారని కూడా చెప్పి, అదనంగా ఒక జత మేజోళ్లు చేతికిచ్చి పంపింది.

ఇచ్చిన కబురు మోసుకెళ్తుంది. దారి పొడుగునా ఆ మాట కుముదినిని వదల్లేదు.

అప్పటికీ ఆమె వెతుకుతున్నది ఇంజిన్‌లో తడబాటునే. మోసుకెళ్లే కబురు ఇంజిన్‌దైతే ఆ తడబాటు ఎక్కడో తెలుస్తుందేమో, ఒక్కసారి చూద్దామనుకుంది. అదనపు మేజోళ్లను ముక్కలుగా కత్తిరించి ఇంజిన్ గోడకు అతికించింది, చక్రాల వెనక ఇరుసుల మీద అతికించింది. వాటి తీగలన్నీ కలిపి పట్టీకి తగిలించి, సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేసింది.

మొదట చినుకులే. తర్వాత అవి లయలో పడ్డాయి. లయ కాస్తా వెచ్చబడింది. చలికాలం పొయ్యి దగ్గర మోకాళ్లు చాపుకుని కూర్చున్నప్పటి వెచ్చదనం మెల్లగా పైకి పాకింది. జ్వరం తర్వాత నడుము కింద ఏదో ఉన్నట్టు ఆమెకు తోచడం అదే మొదలు. చాలాసేపు కదలకుండా కూర్చుంది. అప్పుడు మీట నొక్కి వేగం పెంచింది. ఒకచోట ముల్లు గుచ్చుకున్నట్టయింది. తగ్గిస్తే పోయింది, పెంచితే మళ్లీ గుచ్చుకుంది. ఇంజిన్ ఆపి, ఆ ముల్లు కబురు తెచ్చిన ముక్క ఎక్కడుందో అక్కడ చూసింది. ఆ సిలిండర్‌లో నిప్పురవ్వ రాల్చే ప్లగ్గు తీసి వెలుతురులో పెడితే, తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత బీట.

నెలల వెతుకులాట ఒక్క పూటలో తీరిపోయింది. అక్కడితో తీగలు విప్పేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

విప్పలేదు. తెల్లవారి లేచి, కాఫీ తాగి షెడ్డులోకి వెళ్లేది. పెట్రోలు ఎక్కువైతే పాదాలు బురదలో దిగబడ్డట్టు బరువెక్కేవి. నిప్పురవ్వ తొందరపడితే చీలమండలో సూది దిగేది. టర్బో అందుకుంటే ఎవరో చంకల్లో చేతులు వేసి పైకి ఎత్తినట్టుండేది. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో గడిలో అంకె సర్దుతూ పోతుంటే, ఇరుకు చెప్పులు వదులైనట్టు హాయిగా ఉండేది. ఇన్నాళ్లూ పుస్తకాల్లో చదివినవన్నీ ఇప్పుడు ఒంట్లోంచి వస్తున్నాయి. మధ్యాహ్నం కునుకు పడితే కలలో తడి రోడ్ల మీద, ఏనుగు చెవులంత ఆకులున్న తోటల మధ్య, నాలుగు కాళ్ల మీద మెత్తగా దొర్లుకుంటూ పోయేది.

మేజోళ్లు వేసుకుని నడవడం తగ్గింది. ఒడ్డున ఇసుకలో నడుద్దాం రమ్మని సన్యాసిరావు పిలిస్తే, ఒళ్లు నొప్పులనేది.

వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం బండిని ట్రాలీ మీద రన్‌వేకి తీసుకెళ్లారు. సముద్రం మీంచి మంచు లేచి కాంక్రీటు మీద నీళ్లలా పారుతోంది. రంగరాజుగారు దారిలో మేస్తున్న మేకలను పక్కకి తోలించి, చెయ్యి ఊపారు. కుముదిని మీట నొక్కింది.

ఆమె పరుగెత్తింది. కాంక్రీటు పలకకీ పలకకీ మధ్య అతుకులు అరికాళ్ల కింద సన్నటి గులకరాళ్లలా దాటిపోతున్నాయి. తడి ఉన్నచోట చల్లగా జారింది. అంచున గడ్డి తగిలినప్పుడు మెత్తగా కితకితలు పెట్టింది. మంచు చీలి రెండు పక్కలకీ ఒదిగింది. చివర సముద్రం, దాని మీద ఆకాశం, రెండింటికీ మధ్య గీత లేదు. ఇంకాస్త పరుగెడితే అందులోకి వెళ్లిపోవచ్చుననిపించింది. బ్రేకు మీట లాగుతూ ఆమె పెద్దగా నవ్వేసింది. ఆ నవ్వు తనకే కొత్తగా వినబడింది.

తిరిగొచ్చి, పట్టీకున్న తీగ ఊడలాగింది. నడుము కింద మళ్లీ ఏమీ లేదు. దిగబోయి, కాళ్లెక్కడున్నాయో చూసుకోవడం మరిచిపోయి, సన్యాసిరావు చేతుల్లో పడింది.

"జాగర్త," అన్నాడాయన ఆమెను నిలబెడుతూ. ఆమె ఏడుస్తోందని ఆయనకు అర్థమైంది గానీ, ఎందుకో అర్థం కాలేదు.

ఆ తర్వాత పరిశోధనాలయంలో పరీక్ష చేసినప్పుడు ఇందుమతి మొహం వాడిపోయింది. అరికాలు నొక్కితే కుముదినికి చినుకులు కూడా తెలియడం లేదు. "రోజూ నడుస్తున్నావా?" అని అడిగింది. "నడుస్తున్నాను వదినా," అని కుముదిని అబద్ధమాడింది. ఇందుమతి నమ్మింది. తప్పు తన పట్టీలోనే ఉందనుకుని రోజులకు రోజులు దాన్ని విప్పి చూసుకుంది.

ఇంట్లో అత్తగారు పైడమ్మకు ఈ పట్టీల సంగతులు పట్టవు. కోడలికి జ్వరం వచ్చిపోయినప్పటినుంచి రోజూ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని నువ్వుల నూనె రాసేది. "నాకు తెలీదు కదత్తా, ఎందుకు మీకీ శ్రమ," అంటే, "నీకు తెలవాపోతే నాకు తెలుస్తాది కదే," అనేది.

ఒక మధ్యాహ్నం కుముదిని బండిలో కూర్చుని, ఇంజిన్ ఆపి, పట్టీ తగిలించుకునే లాప్‌టాప్ చూసుకుంటోంది. హఠాత్తుగా ఆమె కుడి పాదాన్ని ఎవరో పట్టుకున్నారు. గరుకైన అరచెయ్యి. నెమ్మదిగా, అదిమి, వేళ్ల సందుల్లోంచి తుడుస్తున్నట్టు. ఆ చెయ్యి ఎంత ఓపికగా కదులుతోందంటే, కుముదిని లాప్‌టాప్ పక్కన పెట్టేసింది. కిటికీలోంచి వంగి చూసింది. రన్‌వే బురద ఎండి చక్రాలకు పట్టుకుని ఉంటే, పైడమ్మ బకెట్టు నీళ్లతో, పీచుతో, గొంతుక్కూర్చుని ముందు చక్రం కడుగుతోంది.

"అత్తా!"

"ఏటే, అలా అరిసీసినావు? మట్టి కొట్టుకుపోనాది, నీకు వొంగడానికి అవదని..."

కుముదిని తీగ లాగేసి తలుపు తీసుకుని గబగబా దిగింది. అత్తను కావలించుకుని భోరున ఏడ్చింది. "మీ చెయ్యి తెలిసిందత్తా, మీ చెయ్యి తెలిసింది," అంది. పైడమ్మకు ఏమీ అర్థం కాక, కోడలి వీపు నిమురుతూ ఇంట్లోకి నడిపించింది. కొంత దూరం వెళ్లాక వెనక్కి చూసి కెవ్వుమంది.

షెడ్డు నుంచి వంటింటిదాకా గచ్చు మీద ఎర్రటి అడుగులు. బ్యాటరీ నీళ్ల సీసా ఎప్పుడు పగిలిందో, దాని మీద ఎప్పుడు కాలు వేసిందో కుముదినికి తెలియలేదు. అరికాల్లో గాజు పెంకు దిగి ఉంది. పైడమ్మ ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుని కొంగు అదిమిపట్టి ఏడుస్తూ ఉంటే, కుముదిని ఆ రక్తాన్ని ఎవరిదో చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయింది. కిందటివారమే షెడ్డులో బండిని జరుపుతుండగా టైరులో మేకు దిగితే ఆమె నిద్రలోంచి లేచినట్టు ఉలిక్కిపడి, మూలిగి, వెంటనే దిగి తీసింది.

కబురందిన ఇందుమతి వచ్చి కుట్లు వేసింది. తర్వాత షెడ్డులోకి వెళ్లింది. ఇంజిన్‌కి అతికించి ఉన్న తన మేజోళ్ల ముక్కలను చూసి, అక్కడే పలక మీద కూలబడిపోయింది.

"పట్టీ పాడైందని నన్ను నేను తిట్టుకుంటున్నాను కుముదా. పడుకోవడం లేదు, తిండి లేదు. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెబితే తీసేయమంటారని చెప్పలేదు వదినా."

సన్యాసిరావు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తున్నాడు. ఇందుమతి ఇంజిన్‌కి అతికిన ఒక ముక్కను వేలితో తడిమి చూసింది. చివరికి, "నీ మెదడు నీ కాళ్ల చోటు దీనికిచ్చేసింది. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. కానీ ఈ బండి కళ్లెదుట ఉంటే, చప్పుడు వింటే చాలు, ఆ ముద్ర గట్టిపడుతుంది," అంది. ఆగి, తల వంచుకుని, "ఇంకో సంగతి కూడా నీకు చెప్పాలి. మా పైవాళ్లకి ఇది తెలిస్తే నిన్ను ఇలాగే ఉంచమంటారు. యంత్రాన్ని తన ఒళ్లుగా చేసుకున్న మనిషి అని నా పేరూ నీ పేరూ లోకమంతా మోగిపోతుంది. ఇందాకటినుంచి నాకూ ఆ ఆశ పుడుతోంది. అందుకే ఏం చెయ్యాలో నేను చెప్పను. నువ్వే చెప్పు," అంది.

ఇందుమతి వెళ్లిపోయాక సన్యాసిరావు వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. "ఆ రోజు రన్‌వే మీద నువ్వు నవ్వావు చూడు, పెళ్లయ్యాక అంత నవ్వు నేను చూళ్లేదు. నా కోసమని వదిలీకు. చెయ్యి పట్టుకుని నడిపించడం నాకేం బరువు కాదు."

"మీ కోసం కాదండీ." కుముదిని కట్టు కట్టిన పాదాన్ని చూసుకుంటూ అంది. "బండికి మేకు దిగితే నాకు తెలిసింది. నా రక్తం నాకు తెలియలేదు. నేనెక్కడున్నానో నాకే తెలియనట్టుంది."

మర్నాడు ఉదయం పట్టీ తగిలించుకుని ఒక్కసారి బండి స్టార్ట్ చేసింది. వేగం పెంచలేదు. ఆ వెచ్చదనంలో కాసేపు కూర్చుంది. తర్వాత అతికించిన ముక్కలు ఒక్కొక్కటే తీసింది. ఒక్కో ముక్కా ఊడినప్పుడు ఒక్కో వేలు నిద్రపోయినట్టయింది. చివరి ముక్క తీసేసరికి ఇంజిన్ చప్పుడు చెవులకు మాత్రమే వినబడుతోంది. రంగరాజుగారికి ఫోను చేసింది. ఆయన ట్రాలీ తెచ్చుకుని బండిని తీసుకెళ్తుంటే ఆమె ఇంట్లోనే ఉండి, రేడియో పెద్దగా పెట్టుకుంది.

కారు వెళ్లిపోయింది గానీ కుముదినిలోంచి కదల్లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, లేని ఇంజిన్ మోకాళ్లలో వెచ్చబడేది. వాన కొడితే, తడుస్తున్నానని ఒళ్లు ముడుచుకునేది. ఖాళీ షెడ్డు వైపు చూస్తే చక్రాలు సలిపేవి.

"కాలు తీసేసినవాళ్లకి లేని కాలు దురద పెడుతుంది. ఇదీ అంతే," అంది ఇందుమతి.

"ఎప్పుడు పోతుంది వదినా?"

"కొందరికి పోదు."

మేజోళ్లు వేసుకుని కుముదిని నడిచింది. సన్యాసిరావు మోచెయ్యి పట్టుకుని ఇసుకలో నడిచింది, పైడమ్మ వెంట పెరట్లో నడిచింది. వానాకాలం ఆఖరికి వచ్చినా చినుకులు కూడా పలకలేదు. ఇందుమతి ఆశ వదులుకుని, ఆ మాట పైకి అనలేక, పరీక్షలు మాత్రం చేస్తూ ఉండేది.

ఒక పొద్దున కుముదిని వంటింట్లో పాలు దింపుతుంటే కారు వెనక చక్రం చల్లబడింది. రంగరాజుగారు బండిని నీళ్లలో పెట్టారా ఏమిటని చిరాకుపడి, ఆ ఆలోచనకు తనే నవ్వుకోబోయి, కిందికి చూసింది. మేజోడు తొడిగిన ఆమె ఎడమ మడమ తడి గచ్చు మీద ఉంది. తీసి, మళ్లీ పెట్టింది. చల్లదనం పోయి, మళ్లీ వచ్చింది. పాలగిన్నె పొయ్యి మీదే వదిలేసి, గచ్చంతా తడుపుకుంటూ, చిన్నపిల్లలా ఆ ఒక్క మడమనే ఎత్తి పెడుతూ తిరిగింది.

మడమ తర్వాత అరికాలి అంచు వచ్చింది, చాలా రోజులకు బొటనవేలు. కుడికాలు సగమే వచ్చింది. కొన్ని వేళ్లు ఎప్పటికీ రాలేదు. అక్కడ చెయ్యి వేస్తే ఇప్పటికీ ఏ స్పర్శా లేదు. ఒక్కొక్కచోటు మేలుకున్నకొద్దీ లేని కారు అక్కడక్కడే చల్లారుతూ వచ్చింది. మోకాళ్ల వెచ్చదనం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది. అది పోయిన రోజు కుముదిని ఖాళీ షెడ్డులోకి వెళ్లి కూర్చుంది. ఇందుమతి దగ్గర మాత్రం రెండో మనిషికి, మూడో మనిషికి పట్టీ కట్టడం మొదలైంది.

మట్టి పూర్తిగా ఆరిపోయిందని, ఇక భయం లేదని ఇందుమతి చెప్పాక, వేసవిలో ఒక ఆదివారం సన్యాసిరావు ఆమెను రన్‌వేకి తీసుకెళ్లాడు. ఎండకి కాంక్రీటు మీద గాలి నీళ్లలా కదులుతోంది. కుముదిని చెప్పులు విప్పి, నడుముకి పట్టీతో, కాళ్లకు పలచని మేజోళ్లతో దాని మీద నిలబడింది. దూరాన్నుంచి ఎర్ర చుక్క పెద్దదవుతూ వచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది.

కాంక్రీటు వణికింది. ఆ వణుకు మడమల్లోకి ఎక్కి, పక్కనుంచి దూసుకుపోయి, సన్నబడి ఆరిపోయింది. అందులో ఏ సిలిండర్ ఏమంటోందో, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో వెతికింది. ఏమీ దొరకలేదు. రన్‌వే పక్కన నిలబడిన ఎవరికైనా తెలిసేంతే ఆమెకూ తెలిసింది.

రంగరాజుగారు బండిని తిప్పుకొచ్చి గడ్డి అవతల నిలిపి, ఇంజిన్ ఆపకుండానే దిగారు. "రండమ్మా, రండి! సమయానికొచ్చారు. వారంనుంచి ఏదో సన్నటి ఈల వేస్తాంది, ఎక్కడిదో అంతు చిక్కట్లేదు. మీకైతే ఇట్టే తెలిసిపోద్దని ఎదురుచూస్తన్నాను."

సన్యాసిరావు అలవాటుగా మోచెయ్యి చాపాడు. ఆమె అప్పటికే నాలుగడుగులు ముందుకు వెళ్లిపోయింది.

"నాకూ తెలియట్లేదండీ," అంది కుముదిని. "బానెట్ ఎత్తండి, చూద్దాం. పానాలు ఉన్నాయా?"

బానెట్ మీంచి లేస్తున్న వేడిగాలి వైపే చూస్తూ, ఈల ఎటునుంచి వస్తోందోనని చెవి వారగా పెట్టి వింటూ, ఎత్తుపల్లాల గడ్డిలోంచి ఆమె నడిచి వెళ్లింది.